బంగారు రంగు ఒక్కటే చాలదు

తెనాలి, బాపట్ల, రేపల్లె లేత్ వర్క్‌షాపుల యజమానులకు, మిషన్ మీద నిలబడి పనిచేసే సోదరులకు విన్నపం.

రైసుమిల్లు షాఫ్టయినా, నిజాంపట్నం బోటుకు వేసే స్టెయిన్‌లెస్ షాఫ్టయినా మన షాపులకే వస్తుంది. దాన్ని కోసే డ్రిల్లును, ఎండ్‌మిల్లును మాత్రం బంగారు రంగు చూసి కొనేస్తున్నాం. ఆ రంగు టైటానియం నైట్రైడ్‌ది. పూత మందం సాధారణంగా 2 నుంచి 5 మైక్రాన్లే, తల వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. అంత పలచటి పొర నిలవాలంటే కింద అంచు బాగుండాలి, పైన నునుపుండాలి.

సాన మీది నుంచి అప్పుడే దించిన అంచును భూతద్దం కింద పెట్టి చూడండి. సన్నటి నొక్కులు, అక్కడక్కడా బర్రు కనిపిస్తాయి. బర్రు మీద పూత వేస్తే, బర్రు విరిగినప్పుడు పూతా దాంతోనే పోతుంది. అందుకే ముందుగా బ్రష్‌తోనో తడి బ్లాస్టింగ్‌తోనో అంచును కొద్ది మైక్రాన్ల మేర గుండ్రం చేయాలి. పదును పోతుందని భయపడనక్కర్లేదు, ఎంత గుండ్రమన్నది కోసే లోహాన్ని బట్టి చూసుకోవచ్చు.

పూత పడ్డాకా పని మిగిలే ఉంటుంది. విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని ఆవిరి చేసి పూత వేసే పద్ధతిలో కరిగిన లోహపు బొట్లు పూతకు అంటుకుపోతాయి. స్టెయిన్‌లెస్ తుక్కు అలాంటి గరుకు చోటే పట్టుకుంటుంది. కార్బైడ్ ఇన్సర్టులకు 1000 డిగ్రీల దగ్గర వాయువుల నుంచి వేసే సీవీడీ పూతది మరో చిక్కు: చల్లారేటప్పుడు కార్బైడ్ కన్నా ఎక్కువ ముడుచుకుని పగుళ్లిస్తుంది. సన్నటి అల్యూమినా పొడిని నీళ్లతో కలిపి కొడితే బొట్లు రాలతాయి, పగుళ్లు తెచ్చే ఆ లాగుడు పైపొరలో తగ్గుతుంది. పేరున్న కంపెనీలు చాలా ఇన్సర్టులకు ఈ పని ఫ్యాక్టరీలోనే చేసి పంపుతాయి. మనం సానపట్టిన డ్రిల్లుకు ఎవరు చేస్తారు? సానపట్టిన చోట పూత పోయినా, దాన్ని అలాగే వాడి తుక్కులో పారేస్తున్నాం.

పూత వేసే వాక్యూమ్ ఛాంబర్ మనం కొనక్కర్లేదు, అది మన తాహతుకు మించిన ఖర్చు. సానపట్టే మంచి మిషను, తడి బ్లాస్టింగ్ క్యాబినెట్, ఒక మైక్రోస్కోపు తెనాలిలో ఉమ్మడిగా పెట్టుకుందాం. మూడు ఊళ్ల టూల్స్ కలిపి ఒకే లోడుగా పూతకు పంపుదాం, విడివిడిగా పంపితే గిట్టదు. ఉమ్మడి సదుపాయ కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వ చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం సాయమిస్తుంది. సలహాకు హైదరాబాద్ బాలాపూర్‌లో పూతల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉన్నాయి. అరుగుదల కొలిచే పనిని బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇమ్మని అడుగుదాం.

ఈ నెల అరిగిన డ్రిల్లులు, ఎండ్‌మిల్లులు పారేయకండి. సైజు, ఏ లోహం కోసింది, ఎన్ని జాబులు చేసింది చీటీ రాసి దాచండి. క్లస్టర్ పథకానికి అర్జీ పెట్టేటప్పుడు ముందు చూపించాల్సిన లెక్క అదే.

— ఒక లేత్ కార్మికుడు, తెనాలి