జబ్బు మనది, అప్పూ మనదేనా?

ఏ దేశం వైద్యానికి ఎంత ఖర్చు పెడుతోందని అడగడం ఒక ప్రశ్న. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోందన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. ఉప్పునుంతల లాంటి మండలంలో, కూలి మీదే బతికే దళితవాడలకు ఈ రెండో ప్రశ్నే చావుబతుకుల ప్రశ్న.

అమెరికా తన జీడీపీలో దాదాపు 17 శాతం వైద్యానికే పెడుతుంది. అయినా అక్కడ రెండున్నర కోట్ల మందికి పైగా ఏ బీమా లేదు. బ్రిటన్ 1948 నుంచి పన్నుల డబ్బుతో అందరికీ వైద్యం నడుపుతోంది. థాయ్‌లాండ్ మనలాంటి దేశమే. 2002లో 30 బాత్‌ల పథకం తెచ్చింది. అయితే దానికి ముందే, 1970ల నుంచే పల్లె ప్రాంతాల్లో ఆసుపత్రులు కట్టుకుంటూ, కొత్త డాక్టర్లను అక్కడికి పంపుతూ వచ్చింది. ఇవాళ అక్కడి మొత్తం వైద్య ఖర్చులో జనం సొంతంగా పెట్టేది సుమారు పదో వంతు.

మన దేశంలో? 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం ప్రభుత్వాల ఖర్చు జీడీపీలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతం చేస్తామని 2017 ఆరోగ్య విధానం చెప్పింది. జనం జేబు ఖర్చు 2013-14లో 64.2 శాతం ఉండగా 39.4కు తగ్గిందని ప్రభుత్వం చెప్పుకుంటోంది. తగ్గితే మంచిదే. కానీ కూలి పోతుందని దవాఖానకే పోనివాళ్ళ ఖర్చు ఈ లెక్కలో సున్నా. బాధ మాత్రం సున్నా కాదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెరిగింది. పెద్ద ఆపరేషన్లకు అది ఆసరా, కాదనలేం. కానీ రోజూ మింగే బీపీ, షుగర్ గోళీలు, జ్వరం, రక్త పరీక్షలు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, హైదరాబాద్ బస్సు చార్జీలు, పోయిన కూలి ఎక్కువగా దాని బయటే ఉంటాయి. కార్డు ఉంటుంది, చేతిలో అప్పూ ఉంటుంది. పైగా బకాయిలు పేరుకున్నప్పుడల్లా ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి.

బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని మొదలైంది. 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికుడు అందులోకి వచ్చాడు. దళితులు ఎక్కువగా ఉన్న వ్యవసాయ కూలీలు నేటికీ బయటే ఉన్నారు.

కాబట్టి మనం అడగాల్సింది కార్డు పరిమితి గురించి మాత్రమే కాదు. మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎన్ని పోస్టులు ఖాళీ? ఏ మందులు ఎన్ని రోజులు లేవు? 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీలకు కేటాయించిన డబ్బులో మన మండలం వైద్యానికి ఎంత వచ్చింది? సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. విద్యార్థులు దరఖాస్తు రాయండి, సంఘాలు జవాబును వాడలో చదివి వినిపించండి. లెక్క తెలిసిన రోజే హక్కు అడగగలం.