కస్తూరి మాటలు – మన ఇళ్లలోని మాటలు

2024 నవంబరు 3వ తేదీన ఎగ్మూరులో జరిగిన ఒక సభలో నటి కస్తూరి తెలుగువారిని గురించి అన్న మాటలు పాఠకులు మరచిపోయి ఉండరు. మూడు వందల ఏళ్ల క్రిందట రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చినవారు తెలుగువారనీ, వారే ఇప్పుడు తమిళజాతి పేరు చెప్పుకొంటున్నారనీ ఆ మాటల సారాంశం. ఎగ్మూరుకూ మా చింతాద్రిపేటకూ నడుమ ఉన్నది కూవం నది ఒక్కటే. ‘అన్నమయ్య’ (1997) చిత్రంలో అన్నమయ్య భార్యగా నటించి తెలుగువారి మన్నన పొందిన వ్యక్తి నోట ఆ మాట రావడం నాకూ బాధ కలిగించింది.

రెండు రోజులకే ఆమె తన మాటలను ఉపసంహరించుకొని క్షమాపణ చెప్పారు. కొందరు రాజకీయులను ఉద్దేశించి అన్నానే తప్ప జాతిని అనలేదని వివరణ ఇచ్చుకొన్నారు. అంతటితో అది ముగియవలసినది. తప్పు ఒప్పుకొన్నవారిని పెద్దలు మళ్లీ నిలదీయరు. కాని కేసు నమోదయినది. ముందస్తు బెయిలుకు మదురై ధర్మాసనం నిరాకరించింది. నవంబరు 16న తమిళనాడు పోలీసులు ఆమెను హైదరాబాదులో అరెస్టు చేశారు. 20న బెయిలు లభించింది. ఈ రెండున్నర వారాలూ వార్తా చానళ్లకు వేరే పని లేకపోయింది. మనవారు కొందరు అరెస్టు వార్త విని పండుగ చేసుకొన్నారు.

నాకు ఆ సంబరం నచ్చలేదు. ఆ సభ బ్రాహ్మణుల రక్షణకు చట్టం కోరుతూ జరిగినది. ఆమె విసురు ద్రావిడ రాజకీయులమీద. తమిళ రాజకీయాల్లోని రెండు పక్షాల కలహంలో తెలుగు అనే పేరు ఒకరికి కర్ర అయితే మరొకరికి డాలు అయినది. ఆ కలహం చల్లారగానే కర్రనూ డాలునూ అటకమీద పెట్టేశారు.

“ఊరుకొంటే రేపు ప్రతివాడూ మనలను వందేరి అంటాడు” అని కొందరు మిత్రులు అంటారు. ఈ వాదాన్ని నేను తేలికగా తీసివేయను. ఆ పదం వేదికలమీద మామూలు మాట అయిపోయినది. అయితే దానికి జవాబు చెప్పవలసింది పోలీసు ఠాణాలో కాదు. 1639లో ఆంగ్లేయులకు ఈ తావును ఇచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చినది. 1734లో కుంపిణీవారు నేతగాండ్ర కోసం చింతాద్రిపేటను కట్టించినది సుంకు రామశెట్టి తోటలో. ‘చిన్న తరి పేట’, అనగా చిన్న మగ్గాల పేట, అన్నది ఈ పేరుకు చెప్పే వ్యుత్పత్తి. మగ్గాన్ని నమ్ముకొన్నవారి ఊరు ఇది. ఇక సరిహద్దు కుటుంబాల సంగతి మరీ స్పష్టం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో చేరినపుడు అక్కడి తెలుగువారు ఎక్కడినుంచీ రాలేదు. మారినది రాష్ట్రం.

ఈ చరిత్ర మన పిల్లలు ఏ భాషలో చదువుకొంటారు? 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చినది. 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున తమిళం నిర్బంధమవుతూ పోయినది. ఆ తొలి పిల్లలు పదో తరగతికి వచ్చిన 2016లో భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టు తలుపు తట్టి మినహాయింపు తెచ్చుకొన్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక ఏడాదికి పొడిగించింది. తమిళం నేర్వడం తప్పని నేను అనను. ఈ నేలమీద బ్రతికేవాడు నేర్చి తీరాలి. కాని తమిళంతోబాటు తెలుగు చదివే హక్కు పోతున్నదని మనవారు ఎందరు ఠాణాకు పోయినంత చురుకుగా కలెక్టరు కార్యాలయానికి పోయారు? ఒక నటి మాటకు రెండున్నర వారాలు వెచ్చించిన చానళ్లలో ఈ చట్టాన్ని గురించి ఒక్క సాయంత్రం చర్చ జరిగినట్లు నా కంట పడలేదు.

ఇంటి సంగతీ చెప్పాలి. నా మనుమడు నన్ను ‘తాతా’ అని పిలిచి, తక్కిన వాక్యమంతా తమిళంలో చెబుతాడు. ఆ పిలుపు రెండు భాషల్లోనూ ఒకటే కనుక అదైనా తెలుగో కాదో నాకు తెలియదు. తప్పు వాడిది కాదు. వాడి తండ్రితో నేను తెలుగులో మాట్లాడాను గాని, అక్షరాలు దిద్దించలేదు. బడి చూసుకొంటుందనుకొన్నాను.

ఆ అరెస్టు జరిగిన మూడు వారాలలోపే, డిసెంబరు 5న, ‘పుష్ప 2’ విడుదలయినది. సినిమా పంపిణీదారులకు పేరుపడిన మీరాన్ సాహెబ్ వీధి మాకు దగ్గరే. మా పేటలో సినిమా సంగతులు త్వరగా తెలుస్తాయి. ఆ కథానాయకుడు మాట్లాడేది చిత్తూరు యాస. వేలూరు, తిరుత్తణి, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్లలో అవ్వలు మాట్లాడే యాసకు అది చాలా దగ్గరిది. మన పిల్లలు దానిని తమిళ అనువాదంలో చూసి చప్పట్లు కొట్టారు. తెలుగు సినిమా దేశాన్ని ఏలుతున్నదని మురిసిపోయేవారు ఈ మాట ఆలోచించారా? ఎర్రచందనం దొంగను ఆదర్శంగా నిలిపే కథలమీద నాకు గౌరవం లేదు, అది వేరే సంగతి. కాని అవ్వ యాసను తెరమీద విని గుర్తుపట్టే అవకాశం కూడ ఆ పిల్లలకు లేకపోయినది.

2011 జనగణనలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల పైచిలుకు, నూటికి దాదాపు ఆరుగురు. వారిలో అక్షరం చదవగలవారెందరో ఆ లెక్క చెప్పదు. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. గణకుడు ఇంటికి వచ్చినపుడు మాతృభాష గడిలో తెలుగు అని వ్రాయించండి; వ్రాసినది చూపమని అడగండి. జూనులో బడి దరఖాస్తు నింపేటపుడు తెలుగు కావాలని వ్రాసి ఇవ్వండి, ముట్టినట్లు సంతకం తీసుకోండి. ఉపాధ్యాయుడు లేడంటే ఆ మాటనే కాగితంమీద అడగండి. ఆ కాగితాలు లేకపోతే రేపు న్యాయస్థానంలో మన పక్షాన నిలిచేవారి చేతిలో ఏమీ ఉండదు.