కుక్కకు ఏ సూది ఏద్దాం?

2025 ఆగస్టు 17న హైదరాబాద్‌ల, బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కుల జీహెచ్‌ఎంసీ మేళా పెట్టింది. వీధికుక్కల పిల్లలకు టీకాలేసి, సాదుకుంటమన్నోళ్లకు ఇచ్చింది. ఐదు నెలలకు మన కామారెడ్డి జిల్లాలనే, మాచారెడ్డి ఠాణాల కేసైంది: పల్లెల్ల కుక్కలకు విషపు సూదులేసి సంపిండ్రని. సర్పంచ్ ఎలక్షన్ల ఇచ్చిన మాట కోసమే జేసిండ్రని ఆరోపణ.

కుక్క కరిస్తే గోసవడేది గరీబోడే. ఆ భయం అబద్ధం గాదు. కానీ సంపితే ఖాళీ అయిన గల్లీలకు పక్కూరి కుక్కలొస్తయ్, వాటికి టీకా ఉండది. 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం ఆపరేషన్ జేసి, రేబిస్ టీకా ఏసి, పట్టిన జాగలనే ఇడ్వాలె.

మద్నూర్‌ల రీల్స్ సూసి లాబ్రడార్ కొనాలనుకునే తమ్ముళ్లూ, షెల్టర్‌ల మూలకు ఒదిగిన బక్కకుక్కను సూడుండ్రి. అది పిలువంగనే ఉర్కిరాదు, షేక్‌హ్యాండ్ ఇయ్యది. ఎవల హుకుం లేకుండ తిండి ఎతుక్కున్న జాతి అది. మనకు మాత్రం చెప్పంగనే ఇనే అలవాటున్నదా? కొట్టి నేర్పుతమంటే అసలే నమ్మది. రోజూ ఒక్క తావులనే గిన్నె పెట్టి, ఆగుండ్రి. నెల వట్టినా వట్టొచ్చు.

మూడు నెలలు నిండినంక రేబిస్ టీకా, మళ్ల ఏడాదికోపారి ఏపియ్యాలె. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతోని కడిగి దవాఖానకు పోవాలె, కారం గీరం పూయొద్దు.

సాదుకున్న కుక్కను మళ్ల రోడ్డు మీదికి రానియ్యొద్దని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు జెప్పింది. సదువుకు పట్నం పోతే దాన్ని ఎవలు సూస్తరో ముందుగాల్నే ఇంట్ల అడుగుండ్రి. గ్రామసభల సర్పంచును ఇంకోటడుగుండ్రి: కుక్కల ఆపరేషన్లకు, టీకాలకు ఈ ఏడు ఎన్ని పైసలు పెట్టిండ్రు?