యంత్రం సరే... గొట్టం సంగతి చూశారా?

భోగాపురం తీరంలో రొయ్యపిల్లల హేచరీలు ఉన్నాయి. వనామి పిల్లలకు నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉండాలి. చలికాలం వస్తే నీళ్లను వెచ్చబెట్టక తప్పదు. ఐస్ ఫ్యాక్టరీలో పని ఇందుకు ఎదురు. అక్కడ అమోనియాతో చల్లబరుస్తారు. ఎక్కడైనా లక్షలు పోసి కొన్న యంత్రం మీదే అందరి కన్నూ. 'పైపులదేముంది, ప్లంబరు చూసుకుంటాడులే' అనేస్తాం. ప్రమాదం అక్కడే కాచుక్కూర్చుంటుంది.

2020 మే 7 తెల్లవారుజాము గుర్తుందా? విశాఖలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి పక్కనున్న వెంకటాపురాన్ని కమ్మేసింది. 12 మంది ప్రాణాలు పోయాయి. చల్లగా ఉంచకపోతే స్టైరీన్ తనలో తానే వేడెక్కిపోతుంది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చూపిన కారణాల్లో ఒకటి గొట్టమే! ట్యాంకులో ద్రవాన్ని తిప్పే పైపు అమరికను 2019 డిసెంబరులో మార్చారు. దాంతో ద్రవం సరిగా కలవలేదు. అడుగున చల్లగా, పైన వేడిగా పొరలు కట్టింది. వేడిని కొలిచే పరికరమేమో అడుగునే ఉంది. పైన ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?

అందుకే కొన్ని జాగ్రత్తలు. గొట్టం బరువు యంత్రం మీద వేలాడకూడదు. దానికి సొంత ఆధారాలుండాలి. లేకుంటే అదురుకు అతుకులు చీలతాయి. వేడికి ఇనుము సాగుతుంది. 10 మీటర్ల ఉక్కు గొట్టం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సాగుడు కోసం మధ్యలో వంపు వదలాలి. రెండు వాల్వులూ మూసేస్తే మధ్యలో చిక్కిన ద్రవం వేడెక్కి గొట్టాన్నే బద్దలుకొట్టగలదు. అలాంటిచోట సేఫ్టీ వాల్వు తప్పనిసరి.

అమోనియా లైన్లో రాగి, ఇత్తడి వాడకూడదు. అది వాటిని తినేస్తుంది. హేచరీ నీళ్లకూ రాగి వద్దు, పిల్లలకు విషం. నీళ్ల లైనును నీళ్లతోనే ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. గాలితో పరీక్షిస్తుండగా పగిలితే బాంబు పేలినట్టే. అమోనియా లైన్లను మాత్రం ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. వెల్డింగు తుక్కంతా కడిగాకే గొట్టాన్ని యంత్రానికి కలపాలి. ఏ గొట్టంలో ఏముందో, ఎటు పోతోందో బాణం గుర్తు వేసి రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం... గొట్టం చోటు మార్చేముందు ఆ మార్పు వల్ల ఏమవుతుందో ఇంజినీరు లెక్కచూసి సంతకం పెట్టాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ప్లాంటులో పనిచేస్తున్నారా? ఈ ఆదివారం భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి: 'మీ దగ్గర ఈమధ్య ఏ పైపయినా మార్చారా? ఎవరు సరిచూశారు?' సమాధానం తడబడితే, రేపు డ్యూటీకి వెళ్లగానే ఆరా తీయమనండి.