బట్టతల మాత్ర

బట్టతలవలన నెవ్వరును మృతినొందరు. ఈ మాట మొదటనే చెప్పుట యవసరము. ప్రాణము నిలుపు మందునందు మనము సహింపగల దోషమును వెండ్రుకలు నిలుపు మందునందు సహింపజాలము. పెండ్లిచూపులనాటికి నుదురు వెనుకకు జరుగుచుండుట చూచి దిగులొందు యువకుని మేము పరిహసింపము. అతని బాధ నిజమైనది. ఆ బాధయే కొందరికి పెట్టుబడి యగుచున్నది.

ఫినాస్టెరైడను మందు మొదట తలకై వచ్చినది కాదు. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన వృద్ధులకై 5 మిల్లీగ్రాముల మాత్రను 1992లోను, బట్టతలకై 1 మిల్లీగ్రాము మాత్రను 1997లోను అమెరికా ఔషధశాఖ యనుమతించెను. కుదుళ్లను కృశింపజేయు హార్మోను శరీరమునందు తయారగుట నిది తగ్గించును. పనిచేయు మందే. కాని మానినచో నేడాదిలోపల వచ్చిన లాభమంతయు పోవును. కావున దీనిని తినుట కొన్నినాళ్ల ముచ్చట గాదు, ఏండ్లతరబడి కట్టవలసిన చందా.

నష్టమెంత? అనుమతికి ముందు జరిగిన పరీక్షలలో కామేచ్ఛ తగ్గుట మొదలగు చిక్కులు మందు తిన్నవారిలో నూటికి 3.8 మందికిని, మందులేని మాత్ర తిన్నవారిలో 2.1 మందికిని గలిగెను. భేదము స్వల్పమే, పెక్కుమందికి మాత్ర మానగనే కుదిరినది. అంతటితో కథ ముగిసిన బాగుండెడిది. మానిన పిమ్మటను చిక్కులు నిలిచిన రోగులున్నారని 2012లో అమెరికా శాఖ మందు వివరపత్రమున చేర్పించెను. ఆత్మహత్యపు తలంపులు కలుగవచ్చునని 2025లో ఐరోపా ఔషధసంస్థ నిర్ధారించెను. అవి యెంత తరచుగ గలుగునో లెక్క తేలలేదనియు, మొత్తముమీద లాభమే యెక్కువ యనియు నా సంస్థయే చెప్పినది. ఈ రెండు మాటలలో నొకదానిని మాత్రము చదివి భయపడుటయు, ధైర్యపడుటయు రెండును తప్పే.

ఇచ్చట నొక చిత్రమైన సంగతి గలదు. 2007లో ఇటలీవైద్యులు ప్రచురించిన పరీక్షయందు 5 మిల్లీగ్రాముల మాత్ర తినిన ప్రోస్టేటు రోగులలో, చిక్కులు రావచ్చునని ముందు చెప్పబడినవారిలో నూటికి 43.6 మందియు, చెప్పబడనివారిలో 15.3 మందియు చిక్కులు గలిగినవనిరి. అనగా భయమును కొంత రోగమును దెచ్చును. కావున రోగికి చెప్పకుండుటయే మేలని కొందరు వైద్యులు వాదింపవచ్చును. మేమంగీకరింపము. వృద్ధుని మూత్రబాధ తీర్చుట వేరు, ఆరోగ్యవంతుడగు యువకునికి అలంకారార్థము హార్మోను తగ్గించుట వేరు. ఎవని దేహమో వాడే తూచుకొనవలెను; తూనికరాళ్లు దాచినచో నది తూనిక యెట్లగును?

మన దేశమున నిది వైద్యుని చీటీపై నమ్మదగిన మందు. బట్టతలను మాన్పుదుమని చెప్పుకొనరాదని 1945 నాటి ఔషధనిబంధనల ‘జె’ అనుబంధము నిషేధించుచున్నది. అయినను చేతిలోని ఫోనునిండ నట్టి ప్రకటనలే! మనోవ్యాకులత పూర్వమున్నదా యని యడుగువా రెవ్వరు? ఈ మాత్ర ప్రోస్టేటు రక్తపరీక్ష యంకెను సగమునకు దించుననియు, గర్భిణి విరిగిన మాత్రను ముట్టరాదనియు చెప్పువా రెవ్వరు?

మనస్సు వికలమైనచో మాత్ర నాపి వైద్యుని జూడుమని తెలుపు చీటీని 1 మిల్లీగ్రాము మందుపెట్టెలో నుంచవలెనని ఐరోపాసంస్థ 2025లో నిర్ణయించినది. అట్టి చీటీ తెలుగున మన యంగళ్ల పెట్టెలలోను నుండవలెనని మేము కోరుచున్నాము.