‘సూపర్’ అంటే సాయం చేసినట్టా?

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు నాయుడుపేటలో మేడలెక్కి ఆగ్నేయం వైపు చూసేవాళ్లకు కొదవుండదు. ప్రయోగ కేంద్రం అక్కడికి సుమారు నలభై కిలోమీటర్లు. ముందు నిప్పుచుక్క, దాని వెనకే తెల్లటి పొగ కనిపిస్తాయి. చప్పుడు వినిపించినా దాదాపు రెండు నిమిషాల తర్వాతే. ‘ఎందుకంత ఆలస్యం?’ అని పిల్లలు అడుగుతారు. తెలిసినవాళ్లు చెబుతారు, తెలియనివాళ్లు ‘చదువుకోరా, తెలుస్తుంది’ అంటారు!

ఇప్పటి పిల్లలకు ఇంకో దారి కూడా ఉంది. అలాంటి ప్రశ్న వస్తే కంప్యూటర్‌లో రాకెట్‌ని తామే తయారుచేసి ఎగరేసి చూడొచ్చు. గురుత్వాకర్షణ ఎంత, ఇంధనం ఎంత, గాలి ఉందా లేదా అన్నీ వాళ్లిష్టమే. దీన్నే సిమ్యులేషన్ అంటారు. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయంలో ఓ విద్యార్థి చదువులో భాగంగా చేసిన ‘ఫన్’ అనే ప్రోగ్రామ్ 2008లో బయటికొచ్చి, ఆ తర్వాత ‘ఆల్గోడూ’గా మారింది. అందులో చక్రం గీస్తే దొర్లుతుంది, నీళ్లు పోస్తే పారతాయి. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో అందరికీ ఇచ్చిన ‘స్క్రాచ్’తో ఎనిమిదేళ్ల పిల్లలూ బొమ్మల్ని కదిలించగలరు. వీటి ప్రత్యేకత ఏమిటంటే, చేసినదాన్ని దాచుకోనక్కర్లేదు. నలుగురికీ చూపించొచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్లు దాన్ని ఆడించి చూసి అభిప్రాయం రాస్తారు.

అసలు సంగతి అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే అభిప్రాయం చెప్పడం అందరికీ వచ్చినట్టే ఉంటుంది కానీ, పనికొచ్చేలా చెప్పడం చాలామందికి రాదు.

ఓ ఉదాహరణ చూద్దాం. నాయుడుపేటలో తొమ్మిదో తరగతి చదివే ఓ పిల్లాడు లోలకం సిమ్యులేషన్ చేశాడనుకుందాం. తాడు పొడవు ఒక మీటరు. గాలి లేదు, రాపిడి లేదు. గుండును 5 డిగ్రీలు పక్కకి లాగి వదిలాడు. నిజం లోలకమైతే అటు 5, ఇటు 5 డిగ్రీలు ఊగాలి. కానీ తెర మీద గుండు ఊగేకొద్దీ పైకి పోతోంది. పది ఊపులయ్యేసరికి దాదాపు 13 డిగ్రీలకు చేరింది. ఎవరూ తోయకుండానే ఉయ్యాల జోరందుకుంటోందన్నమాట! పిల్లాడు దాన్ని అందరి ముందూ పెట్టి ‘ఎందుకిలా అవుతోంది?’ అని అడిగాడు.

వచ్చే జవాబులు ఊహించడం కష్టం కాదు. ‘సూపర్ తమ్ముడూ, రంగులు బాగున్నాయి’ అంటారొకరు. ‘ఇది తప్పు, ఫిజిక్స్ పుస్తకం చదువుకో’ అంటారు ఇంకొకరు. మూడో ఆయన ప్రోగ్రామ్ మొత్తం తనే తిరగరాసి ‘ఇదిగో, వాడుకో’ అని పెట్టేస్తాడు. మొదటిది తీపి, రెండోది చేదు, మూడోది ఉదారం. పిల్లాడికి లోలకం గురించి ఈ మూడింటి వల్లా కొత్తగా తెలిసింది మాత్రం శూన్యం.

నాలుగో జవాబు ఇలా ఉందనుకోండి: ‘తమ్ముడూ, నీ బొమ్మని నేనూ ఆడించి చూశాను. నాకూ అలాగే పైకి పోతోంది. నువ్వు కాలాన్ని సెకనులో వందో వంతు ముక్కలుగా తీసుకున్నావు కదా, దాన్ని వెయ్యో వంతు చేసి చూడు. ప్రతి ముక్కలోనూ లోలకం మొత్తం శక్తి ఎంతుందో తెర మీద అంకెల్లో వచ్చేలా పెట్టు. ఏం కనపడిందో చెప్పు.’

ఇదీ సాయం అంటే! ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు, రెడీమేడ్ జవాబూ లేదు. తాను చూశానన్న రుజువు ఉంది, పిల్లాడు తన చేత్తో చేయగల చిన్న పని ఉంది.

వాడు ఆ పని చేస్తే ఏం కనిపిస్తుందో లెక్క వేసి చెప్పొచ్చు. సెకనులో వందో వంతు ముక్కలతో నడిపినప్పుడు ఒక్కో ఊపుకీ లోలకం శక్తి సుమారు 22 శాతం పెరుగుతుంది. పది ఊపులకి ఏడు రెట్లు! వెయ్యో వంతు ముక్కలు చేస్తే ఊపుకి 2 శాతమే పెరుగుతుంది. అంటే జబ్బు తగ్గింది కానీ పోలేదు. తప్పు ముక్కల సైజులోనే లేదు, ఇంకెక్కడో ఉంది అని పిల్లాడికి అప్పుడు తెలుస్తుంది. కంప్యూటర్‌కి కాలం నదిలా పారదు, మెట్లు మెట్లుగా నడుస్తుంది. ఒక్కో మెట్టు దగ్గరా అది రెండు పనులు చేస్తుంది. వేగాన్ని మార్చడం ఒకటి, స్థానాన్ని మార్చడం ఇంకొకటి. పిల్లాడు రెండింటినీ పాత విలువలతోనే లెక్కకట్టాడు. ఆయిలర్ పేరుతో పిలిచే ఈ పద్ధతి పుస్తకాల్లోనూ ఉంటుంది. ఊగే వస్తువుల విషయంలో మాత్రం అది ప్రతి మెట్టు దగ్గరా లేని శక్తిని కాస్త కలిపేస్తుంది.

మరి మందు? ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని మార్చడం. ప్రోగ్రామ్‌లో రెండు వరుసలు అటూ ఇటూ చేస్తే చాలు. లోలకం బుద్ధిగా ఊగుతుంది.

ఈ రెండు వరుసల వెనక ఓ ముచ్చటైన కథ ఉంది. 1980లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఓ హైస్కూలు అమ్మాయి గ్రహాల కదలికను కంప్యూటర్‌లో చూపే ప్రోగ్రామ్ రాస్తూ పొరపాటున ఆ వరుసల్ని తారుమారు చేసింది. ‘సరైన’ పద్ధతిలో రాస్తే గ్రహం సూర్యుడికి దూరంగా జారిపోతూ ఉంటుంది. ఆమె ‘తప్పు’ రాసిన ప్రోగ్రామ్‌లో మాత్రం చక్కగా కక్ష్యలో తిరిగింది! పుస్తకంలో ఉన్నట్టు లేదని కొట్టేస్తే కథ అక్కడితో అయిపోయేదే. అలన్ క్రోమర్ అనే భౌతికశాస్త్రవేత్త అది ఎందుకు పనిచేస్తోందో గణితంతో నిరూపించి, 1981లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’లో వ్యాసం రాశారు. కనిపెట్టింది ఆ విద్యార్థిని అని అందులో పేరుతో సహా చెప్పారు. ఇప్పుడు ఆ పద్ధతిని ఆయిలర్-క్రోమర్ అంటారు. (పద్ధతి పేరులో ఆ అమ్మాయికి చోటు దొరకలేదు. అదో వెలితి.)

కాబట్టి ఎదుటివాళ్ల సిమ్యులేషన్ వింతగా ప్రవర్తిస్తుంటే ‘తప్పు’ అనేముందు ‘ఎందుకు?’ అని ఒకసారి ఆగడం మంచిది. ఒక్కోసారి వింతలోనే విషయం ఉంటుంది.

పొగడ్త సంగతేమిటి, పిల్లల్ని మెచ్చుకోకూడదా అని అమ్మానాన్నలు అడగొచ్చు. మెచ్చుకోవచ్చు. కానీ అభిప్రాయాల ప్రభావం మీద వచ్చిన పరిశోధనలన్నింటినీ అవ్రహం క్లూగర్, ఏంజెలో డినీసి అనే ఇద్దరు 1996లో ఒక్కచోట చేర్చి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అభిప్రాయం విన్నాక పనితీరు పెరగలేదు సరికదా, తగ్గింది! మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువని వాళ్లు వివరించారు. ‘నువ్వు మేధావివి’ అన్నా, ‘నీకు రాదు’ అన్నా పిల్లాడి ధ్యాస లోలకం మీద నుంచి తన మీదికి పోతుంది. ‘తాడు పొడవు మార్చే మీట పెట్టడం బాగుంది, దాంతో ఊపు కాలం మారడం నాకు తేలిగ్గా తెలిసింది’ అంటే అదీ మెచ్చుకోలే. పైగా ఏది నిలుపుకోవాలో వాడికి చెబుతుంది.

మాట్లాడకుండా కూడా అభిప్రాయం చెప్పొచ్చు, వినొచ్చు. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవాళ్లలో ఒకరైన కార్ల్ వీమన్ ఆ మర్నాటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ అనే పథకం మొదలుపెట్టారు. బడిపిల్లలకు పనికొచ్చే సిమ్యులేషన్లను తయారుచేసి ఉచితంగా ఇవ్వడం దాని పని. స్వచ్ఛందంగా అనువదించేవాళ్ల పుణ్యమా అని వాటిలో కొన్ని తెలుగులోనూ దొరుకుతున్నాయి. వీళ్ల పద్ధతి గమనించదగ్గది. కొత్త సిమ్యులేషన్‌ని విద్యార్థి ముందు పెట్టి, ‘ఏమనుకుంటున్నావో పైకి మాట్లాడుతూ ఆడుకో’ అని చెప్పి పక్కన కూర్చుంటారు. ఎలా వాడాలో చెప్పరు. ఎక్కడ ఆగాడు, ఏ మీటని ముట్టుకోనేలేదు, దేన్ని చూసి పొరబడ్డాడు అన్నీ రాసుకుంటారు. ఆ తర్వాత మార్చేది విద్యార్థిని కాదు, సిమ్యులేషన్‌ని! నోబెల్ వచ్చినాయన బృందమే పిల్లాడి తడబాటుని పాఠంగా తీసుకుంటుంటే, మిగతావాళ్లకి నామోషీ ఎందుకు?

ఇంట్లో కూడా ఇది చేయొచ్చు. పిల్లలు చేసిన సిమ్యులేషన్‌ని తాతయ్యకో అమ్మమ్మకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూడమనండి. ‘ఏందిరా అబ్బయా ఇది, ఎక్కడ నొక్కాల?’ అని అడిగితే మీట సరైన చోట లేదని అర్థం. ఫిజిక్స్ తెలియనివాళ్లు ఇచ్చే ఈ సాయం తెలిసినవాళ్లు ఇవ్వలేరు.

ఇంకో రకం సాయం ఉంది. బొమ్మని చెడగొట్టడానికి ప్రయత్నించడం! వినడానికి మొరటుగా ఉన్నా ఇది మహా అవసరం. గురుత్వాకర్షణని సున్నా చేస్తే ఏమవుతుంది? బరువు దగ్గర మైనస్ అంకె వేస్తే? గుండుని తలకిందులుగా 180 డిగ్రీల దగ్గర వదిలితే? తయారుచేసినవాడు మర్యాదైన అంకెలతోనే ఆడతాడు కాబట్టి ఈ మూలలు వాడికి కనపడవు. దీని విలువ నాయుడుపేట పొరుగునే కనిపిస్తుంది. 1993 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మొట్టమొదటి పీఎస్‌ఎల్‌వీ కక్ష్యకి చేరలేదు. దశలు విడిపోయేటప్పుడు అనుకోని కుదుపు వచ్చింది. దాన్ని సర్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లో ఓ లోపం దాగి ఉంది. ఆదేశం గరిష్ఠ పరిమితిని దాటినప్పుడే బయటపడే లోపం అది. మామూలు విలువలతో ఎన్నిసార్లు నడిపినా కనపడదు. దాన్ని పట్టుకుని సరిచేశాక, 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

అంతకుముందు, 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగంలో హెచ్చరిక ముందే వచ్చింది. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసిందనీ, ఫర్వాలేదని నిపుణులు చెప్పడంతో తాను దాన్ని పక్కనపెట్టి ప్రయోగించాననీ అబ్దుల్ కలాం ఆ తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. 23 మీటర్ల రాకెట్ 317 సెకన్లలో కథ ముగించుకుని బంగాళాఖాతంలో పడింది. ఆ తర్వాత విశ్లేషణ బృందం తేల్చిన కారణం చూడండి. మలినం చేరి ఓ కవాటం మూసుకోకపోవడం, దాంతో రెండో దశని అదుపు చేయాల్సిన నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోవడం. ఏ భాగం, ఏమైంది, ఎందువల్ల... అంతా వివరంగా ఉంది. ‘రాకెట్ బాగాలేదు’ అని రాసి ఉంటే 1980 జులై 18న రోహిణి కక్ష్యకి వెళ్లేదా?

సాయం అడిగేవాళ్లకీ బాధ్యత ఉంది. ‘నా ప్రోగ్రామ్ పనిచేయడం లేదు, ఎవరైనా చెప్పండి’ అని వదిలేస్తే ఎంత మంచి మనసున్నవాళ్లయినా ఏం చెప్పగలరు? డాక్టరు దగ్గరికెళ్లి ‘బాగాలేదు’ అని ఊరుకున్నట్టు ఉంటుంది. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజంగా ఏం జరిగింది... ఈ మూడూ రాసి ప్రోగ్రామ్ జతచేస్తే సగం పని అయినట్టే. వాటిని రాస్తూ రాస్తూ తప్పు తమకే దొరికి, అడగకుండానే లేచిపోయేవాళ్లూ ఉంటారు. వేరేవాళ్ల బొమ్మని తీసుకుని మార్చినప్పుడు వాళ్ల పేరు రాయడం కనీస మర్యాద. క్రోమర్ లాంటి పెద్దాయనే ఓ బడిపిల్ల పేరు రాశాడు కదా!

సాయం చేసేవాళ్లు తమకి తెలిసిందానికీ ఊహకీ తేడా చెప్పడం కూడా ముఖ్యమే. ‘ఇది నా అనుమానం, పరీక్షించి చూడు’ అన్న మాటకి ఖర్చేం లేదు. పెద్దవాళ్లకి ఆ మాట నోటికి రావడం కాస్త కష్టం, అంతే. ఇక పిల్లాడు కొత్తగా ‘అన్నా, ఇప్పుడు గాలి రాపిడి కూడా కలిపాను, శక్తి తగ్గుతోంది. ఇది తప్పా, సరైనదేనా?’ అని అడిగితే వెంటనే చెప్పేయకూడదు. ‘ఎంత వేగంగా తగ్గుతోందో గ్రాఫ్ గీసి పెట్టు’ అనాలి.

ఎవరో ‘వేస్ట్’ అని రాశారని పిల్లలు మొహం ముడుచుకుంటే, ఆ మాటలో సరిచేయడానికి ఏమైనా ఉందా అని వాళ్లతో కలిసి చూడండి. ఉంటే తీసుకోవచ్చు, లేకపోతే జవాబివ్వక్కర్లేదు. సాయం చేస్తామంటూ ఎవరైనా విడిగా మాట్లాడదాం రమ్మంటే మాత్రం ఆ సంగతి ఇంట్లో చెప్పమనాలి. అసలు పేరు, బడి పేరు, ఫోన్ నంబరు, ఫొటో ఎక్కడా పెట్టనివ్వొద్దు. లోలకం ఎందుకు పైకి పోతోందో చెప్పడానికి ఆ వివరాలు ఎవరికీ అక్కర్లేదు.