పశువ్యాధి పరీక్షలు - పశుపాలకుల వాక్కు

అనంతపురము జిల్లాలో పైరు తప్పిన యేట సంసారమును నిలుపునది పశువు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము; అదియు అదనున పడునను నమ్మకము లేదు. కుందుర్పి మొదలగు మెట్టసీమల రైతునకు వేరుశనగపై నెంత యాశ యున్నను, ఆ పంట యెండినప్పుడు అప్పులవాని యెదుట అతనిని తలవంచనీయక కాపాడునవి పాడియావును, రొప్పములోని గొఱ్ఱెలునే. అట్టి యింట పశువునకు రోగము సోకినదనగా రెండవ కరవు వచ్చినదనియే యర్థము. కావున పశువ్యాధి పరీక్షలను గూర్చి ప్రభుత్వము చేయు ప్రతి నిర్ణయమును రైతు శంకతో చూచుటలో వింత లేదు. ఆ శంకను తీర్పవలసినవారు దానిని మౌఢ్యమని త్రోసివేయుటయే వింత.

ఈసుడు రోగమును దృష్టాంతముగా గైకొందము. దీనినే బ్రూసెల్లోసిస్ అందురు. చూలు నిండుచున్న యావు ఏడవ, ఎనిమిదవ మాసమున ఈసుకొనిపోవును. ఈడంతయు పోయి పాడి తగ్గును. ఆ మావిని, ఆ మైలను ముట్టినవారికిని, కాచని పాలు త్రాగినవారికిని విడువని జ్వరమును, కీళ్లనొప్పులును పట్టును. పైకి ఆరోగ్యముగా గనబడు పశువులోను ఈ రోగ ముండవచ్చును గనుక రక్తమును, పాలను పరీక్షించినగాని తెలియదు. 2019లో కేంద్రప్రభుత్వము గాలికుంటును, ఈ రోగమును అణచుటకై 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమము నారంభించినది. నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సు గల పెయ్యదూడలకు ఒక్కమారు టీకా వేయించుట అందలి ముఖ్యవిధి. ఇంతవరకు ఎవరికిని ఆక్షేపణ యుండదు. టీకా దాటి పరీక్షకు వచ్చినప్పుడే పశుపాలకులలో భేదము పొడసూపుచున్నది.

సంకరజాతి యావులను అప్పుచేసి కొని పాలకేంద్రమునకు పాలు పోయువారు పరీక్ష కావలయు ననుచున్నారు. సంతలో కొన్న యావు రోగముతో వచ్చినచో తమ దొడ్డి యంతయు చెడునని వారి భయము. పదిమేకలను, ఇరువది గొఱ్ఱెలను మేపుకొనుచు కరవునాడు మందను తోలుకొని కర్ణాటకమునకు వలసపోవువారు పరీక్ష వలదనుచున్నారు. రోగమున్నదని ఒక్క కాగితము పుట్టినచో తమ జీవములను కొనువాడు లేడనియు, దారిలో నిలిపివేయుదురనియు వారి భయము. వ్యాపారులకు సంత యాగకుండుటయే కావలయును. మువ్వురును పశువుతో బ్రతుకువారే. అయినను ఒకని మేలు మఱియొకనికి కీడుగా దోచుచున్నది. ఈ మువ్వురి పక్షమున ఒకే గొంతు మాటాడుచున్నదని చెప్పువారు వారిలో నిరువురి నోరు మూయుచున్నారన్న మాట.

పరీక్ష వలదనువాని వాదములో పస లేకపోలేదు. రోగము తేలిన పశువును ఏమి చేయవలయును? పాశ్చాత్యదేశములలో వధించి పరిహార మిత్తురు. ఇచ్చట 1977 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనముచే గోవధ నిషిద్ధము. ఆ శాసనము ప్రజల మనోభావమునకు అనుకూలమే. కాని అప్పుడు రోగపుటావును వేరుగా గట్టి, మేతవేసి, దాని యాయుస్సు తీరువరకు పోషింపవలసినవాడెవడు? ఎకరము మెట్టపైన బ్రతుకు రైతేనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక పరీక్షలను మాత్రము నిర్బంధము చేసినచో ఫలమొక్కటే: రైతు ఫలితమును దాచును, ఆవును దూరపు సంతలో నమ్మును, రోగము ఒక యూరినుండి పది యూళ్లకు బోవును. పరీక్ష రోగమును పట్టుటకు మాఱు పంచిపెట్టినదగును.

1865లో ఇంగ్లండున పశుమహామారి చెలరేగినప్పుడు మఱుసటి యేటనే పార్లమెంటు శాసనముచేసి, రోగపుపశువులను చంపించి యజమానులకు పరిహార మిచ్చినది. ఆ పార్లమెంటున భూస్వాములు నిండియుండిరి. నష్టపడువారి వాక్కు శాసనకర్తల చెవి కందినది. అదే మహామారి మనదేశమున గోవులను ఊడ్చిపెట్టుచుండగా 1871లో విచారణసంఘము నివేదిక వెలువడినది. ఆనాడు మన రైతునకు శాసనసభయు లేదు, వాక్కును లేదు.

అయినను ఆ మహామారిని తుదకు జయించితిమి. 1954లో దేశవ్యాప్తముగా టీకాలు మొదలైనవి. 1995లో కడపటి రోగము కనబడినది. 2006లో భారతదేశము రోగవిముక్తమైనట్లు అంతర్జాతీయముగా గుర్తింపబడినది. 2011లో లోకమంతయు విముక్తమైనది. తుదిదశలో టీకాలు ఆపి ఊరూర రోగమును వెదకవలసివచ్చినది. ఆ వెదకులాటలో రైతు తన దొడ్డిలోని సంగతిని దాచియుండినచో ఏ శాస్త్రజ్ఞుడును నెగ్గియుండడు. రైతు నిజము చెప్పెను, రోగము నశించెను. పరీక్షానాళికకంటె పెద్ద సాధనము రైతు విశ్వాసమని దీనివలన తెలియవలయును.

ధనికదేశములలో నిట్టి వివాదము లేదనుకొనరాదు. 2003 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున పిచ్చియావు రోగము బయటపడగా పరదేశములు ఆ దేశపు మాంసమును కొనుట మానినవి. కాన్సస్ రాష్ట్రములోని ఒక చిన్న సంస్థ తన పశువుల నన్నిటిని స్వంత ఖర్చుతో పరీక్షింతుననగా ప్రభుత్వ వ్యవసాయశాఖ వలదన్నది. 2008లో అప్పీలు న్యాయస్థానము శాఖ పక్షముననే తీర్పుచెప్పినది. ఒక్కరు పరీక్షించినచో అందఱును పరీక్షింపవలసివచ్చునని పెద్ద వ్యాపారసంస్థల వెఱపు. ఆ దేశముననే 1985 నాటి శాసనము ననుసరించి అమ్మిన పశువొక్కింటికి ఒక డాలరు చొప్పున రైతులనుండి ప్రచారనిధికి వసూలు చేయుదురు. ఆ ప్రచారము మా మాట కాదని కొందఱు రైతులు వ్యాజ్యమాడగా, అది ప్రభుత్వము మాటయే గనుక ఆక్షేపింప వీలులేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చినది. డబ్బు రైతుది, మాట మఱియొకరిది! ఈ దుస్థితి మనకు దాపురింపకుండవలెనన్నచో ఇప్పుడే మేల్కొనవలయును.

కుందుర్పి వంటి పొలిమేర సీమకు మఱియొక చిక్కు గలదు. మన రాజ్యాంగమున పశువ్యాధి నివారణ రాష్ట్రముల యధికారములోనిది. ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు రోగము ప్రాకకుండ జూచుట ఉమ్మడి యధికారములోనిది. రోగమునకు ఈ విభజన తెలియదు, మందకును తెలియదు. 2009 నాటి కేంద్రశాసనము రోగమును వెంటనే తెలియజేయుట యజమాని విధి యన్నది. రాకపోకలను నిలుపుటకును, తనిఖీకేంద్రములను నెలకొల్పుటకును అధికారుల కధికార మిచ్చినది. 2022లో లంపీ చర్మవ్యాధి ప్రబలినప్పుడు దేశమున పలుచోట్ల సంతలు మూతపడినవి. అట్టి సమయమున మేతకై పోవు గొల్ల, కురుబ సోదరుల మంద పొలిమేరలో నిలిచిపోయినచో దానికి నీరెవరు పెట్టుదురు?

మా యభిప్రాయమును స్పష్టముగా జెప్పుచున్నాము. పరీక్షలు జరుగవలసినదే. కాని పరీక్షకు ముందే పరిహారము తేలవలయును. రోగపుటావు పోషణభారము ఒక్క రైతుపైననే పడరాదు. మొదటి పరీక్షలో రోగమున్నట్లు తోచినచో రెండవ పరీక్షచే రూఢిచేసిన పిదపనే ఆంక్ష విధింపవలయును. ఫలితము తెలుగున వ్రాసి మొదట యజమాని చేతి కీయవలయును. ఇరురాష్ట్రములును ఒకే ధ్రువపత్రమును గౌరవింపవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, జిల్లాలో ఈ విషయములను నిర్ణయించు సభయందు పాలుపోయువారికిని, గొఱ్ఱెల పెంపకందారుల సహకార సంఘములకును వేఱువేఱుగ నెన్నికైన సభ్యులుండవలయును. ఆవును పిదుకునది చాలయిండ్ల స్త్రీయే గనుక ఆమెకును పీఠ ముండవలయును. వ్యాపారి తన పేరుతోనే కూర్చుండవలయునుగాని రైతు పేరుతో గాదు. 2019 పశుగణన ప్రకారము 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలతో దేశమున రెండవ స్థానమున నిలిచిన రాష్ట్రములో గొఱ్ఱెలకాపరికి పీఠ మడుగుట అత్యాశ కాదు.

విధి లేని హక్కు లేదని పశుపాలక సోదరులకును విన్నవించుచున్నాము. ఈసుకొనిన యావును ఎరుగని పొరుగువానికి అమ్ముట వ్యాపారము గాదు, ద్రోహము. మావిని కుక్కలకు వేయక సున్నము చల్లి లోతుగా పాతిపెట్టవలయును. పాలు కాచియే త్రాగవలయును. పెయ్యదూడకు టీకా వేయింపక పరీక్షను నిందించుట న్యాయము గాదు. భూవసతి గల పెద్దరైతులు తమ దొడ్లనే మొదట పరీక్షకు తెఱచినచో చిన్నవారి భయము సగము తీరును. పట్టణవాసులు చౌకపాలకై తొందరపడక పరీక్షించిన పాలకు ఒక రూపాయి హెచ్చుగా నిచ్చినచో తక్కిన సగమును తీరును. ప్రభుత్వము రైతు నమ్మకమును ఆజ్ఞలచే బడయజాలదు. అతనిని సభకు బిలిచి, అతని మాట వ్రాసికొని, ఆ వ్రాతను పాటించినప్పుడే అతడు తన దొడ్డితలుపు తీయును.